వాగు మీది వైరు

పదకొండున్నరకల్లా వస్తానని ఎంక్వయిరీ మేడం ఫోన్‌లో చెప్పింది, ఇప్పుడు పదిన్నర దాటి ఐదు నిమిషాలు, అంటే గంట కూడా లేదు, ఈలోపల నేనేం మనిషినో తేల్చుకోవాలి అని పెద్ద పెద్ద మాటలు అనుకుంటూ కూర్చున్నాను, అనుకోవడానికేం, నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. మహబూబాబాద్ పెద్ద దవాఖాన, మగవాళ్ల వార్డు, కిటికీ పక్కన మా బాపు మంచం. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. చూపుడువేలూ మధ్యవేలూ నిలవవని నిన్న డాక్టరు చెప్పాడు, బాపుకు కాదు, నా వైపు తిరిగి నాకు చెప్పాడు, చదువుకున్న పిల్లను కదా, అర్థం చేసుకుంటానని. మంచం కాళ్ల దగ్గర నేల మీద యాడి కూర్చుని ఉంది, మా తండాలో అమ్మను యాడి అంటాం. యాడి నాలుగు రోజులుగా నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, ఏడవలేదు, మాట్లాడలేదంతే. నాకేమో ఒంటి మీద గీత కూడా పడలేదు. ముందు చక్రానికి కరెంటు వైరు చుట్టుకున్నా విమానాన్ని చక్కగా దించుకొచ్చిన పిల్ల అని ట్రైనింగ్ స్కూల్లో ఒకరిద్దరు నా భుజం తట్టారు, నేను తట్టించుకున్నాను, థాంక్యూ అని కూడా అన్నాను. అది తలుచుకుంటే ఈ మంచం కింద దూరి దాక్కోవాలనిపిస్తుంది.

మేడం ఏం అడుగుతుందో తెలుసు, బాపు ఏం చెబుతాడో కూడా తెలుసు. వాగు మీద ఆ వైరు ఎప్పుడు కట్టావని అడుగుతుంది. పోయిన వారం కట్టిన అంటాడు. అది అబద్ధం. ఆ అబద్ధం కింద ఎడమచేతి బొటనవేలు ముద్ర వేస్తాడు, కుడిది కట్టులో ఉంది కాబట్టి. ముద్ర పడితే నేను బయటపడతాను, అనుమతి లేకుండా కొత్తగా లాగిన వైరు, పైలట్‌కు తెలిసే అవకాశం లేదు, అని రాసుకుంటారు, నెలా రెండు నెలల్లో మళ్లీ సీట్లో కూర్చుంటాను. కేసు బాపు మీద పడుతుంది, బోరు కనెక్షన్ కోసేస్తారు, వేసిన నాట్లు ఎండుతాయి, జైలు అంటున్నారు కొందరు, జైలు ఉండదులే అంటున్నారు కొందరు. ఇదంతా బాపుకు తెలుసు. తెలిసే మొన్న పొద్దున మా తండా భాషలో, పక్కవాళ్లకు తెలియకుండా, మెల్లగా అన్నాడు, "నువ్ ఏం రాసిచ్చినవో చెప్పు బిడ్డా, నేను దానికి సరిపోను చెప్త." ఎవరైనా తండ్రి కూతురు చదివిన పాఠం అప్పచెప్పించుకున్నట్టు నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. నేను చెప్పాను కూడా. రెండుసార్లూ తడబడకుండా చెప్పాను.

పక్క మంచం కట్టయ్య తాత గిలాసలో చాయ్ ఊదుకుంటూ, "సక్రూ, నీ బిడ్డ ఏం జేస్తదయా?" అని మళ్లీ అడుగుతున్నాడు, మతిమరుపో, వినడం సరదానో, రోజూ అడుగుతాడు. బాపు రోజూ చెబుతాడు. "ఇమానం నడుపుతది. ఒక్కతే నడుపుతది, పక్కన ఎవరుండరు." ఈ మాట చెప్పేటప్పుడు దిండు మీద నుంచి కొంచెం లేస్తాడు. కట్టయ్య తాత నన్ను పైకీ కిందికీ చూసి, "గీ పోరేనా? గింతున్నది" అంటాడు. బాపు నవ్వుతాడు. ఆ చెయ్యి కాలింది ఈ పోరి వల్లే తాతా అని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను, నవ్వుతాను. నాలుగు రోజుల్లో నా ముఖం ఎంత పని నేర్చుకుందో.

యుగేందర్ సర్ అయితే ఇలా ఊరికే నవ్వడు. మా ఇన్‌స్ట్రక్టర్, రేగొండ దగ్గరి మనిషి, విమానంలో ఇంగ్లీషు, కోపమొస్తే రేగొండ. పోయిన వేసవిలో నాకు తక్కువ ఎత్తులో ఎగరడం నేర్పాడు, అది ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటేనే చెయ్యాలి, ఒంటరిగా చెయ్యకూడదు, మొదటి పాఠం అదే. రెండో పాఠం వైర్ల గురించి. "వైరు కనబడది అఖిలా. కనబడ్డదంటే లేటయినట్టే. స్తంభాలు చూడు. గీ స్తంభం నుంచి గా స్తంభం దాకా మనసుల గీత గీసుకో. దాటాలంటే స్తంభం నెత్తి మీదికెళ్లి దాటు, నడుమల దాటకు." నేను ఊరుకోవచ్చు కదా, తెలివి చూపించాలి కదా. "సర్, మా దిక్కు స్తంభాలుండయి సర్, తాళ్లకే, గదే తాటిచెట్లకే కడ్తరు" అన్నాను. సర్ గట్టిగా నవ్వి, "నిజమే కదా, మా ఊర్ల వేపచెట్టుకు కట్టిండ్రు" అన్నాడు. మర్నాడు క్లాసులో బోర్డు మీద స్తంభాలు అని రాసి, దాని కింద చెట్లు అని రాసి, "గిది అఖిల చెప్పింది, రాసుకోండ్రి, పుస్తకంల లేదు" అన్నాడు. పన్నెండు మంది రాసుకున్నారు. హాస్టల్లో నా మాట యాసను అనుకరిస్తూ గిట్ల, గట్ల అని నవ్వే ఆ పిల్లలు కూడా తలవంచుకుని రాసుకున్నారు, ఆ రోజు నాకు ఎంత బాగుందో. వాగు ఒడ్డున ఎదురెదురుగా రెండు తాటిచెట్లు ఉంటే వాటి మధ్య వైరు ఉందనుకోవాలి, అని ఈ రాష్ట్రంలో పైలట్లకు చెప్పిన మనిషిని నేను. నాలుగు రోజుల కింద ఎంక్వయిరీ కాగితం మీద ఆ ప్రాంతంలో వైరు ఉందని నాకు తెలియదు అని రాసిన మనిషినీ నేనే. సర్ ఆ కాగితం చదివాడు. చదివి నాకు తిరిగి ఇచ్చాడు. అద్దాలు తుడుచుకుని బయటికి పోయాడు.

ఏదో తెలియని వైరు అయితే బాగుండేది. ఈ వైరు చుట్ట మోసింది నేను. కరెంటోళ్ల స్తంభాలు రోడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి, మా బోరు వాగు అవతల, స్తంభాల కోసం బాపు దరఖాస్తు పెట్టి రెండు వానాకాలాలు ఎదురుచూశాడు, మూడో ఎండాకాలం తాటిచెట్ల వైపు చూశాడు. నాకు ఏడో తరగతి సెలవులు. మూడు అల్యూమినియం తీగలు, మూడూ కలిపి మేం వైరు అనే అంటాం. కల్లు గీసే గౌండ్లాయన దగ్గర చెట్టెక్కే మోకు అడిగి తెచ్చుకుని బాపు ఈ ఒడ్డు చెట్టెక్కాడు, పింగాణి కప్పులు బిగించాడు, నేను చుట్ట భుజానికి వేసుకుని ఎండిన వాగు ఇసుకలో ఒక్కో అడుగూ వేస్తూ తీగ విప్పుకుంటూ పోయాను, అవతలి ఒడ్డు చెట్టు కింద నిలబడి గుంజి పట్టుకున్నాను, "ఇంక జర గుంజు బిడ్డా, ఇంక జర" అని పైనుంచి బాపు. చేతులు కోసుకుపోయాయి. సాయంత్రానికి మోటరు నడిచింది, పైపు నోటి దగ్గర నీళ్లు విరజిమ్మితే పరికిణీతోనే దాని కింద నిలబడ్డాను, యాడి ఒడ్డు మీద నుంచి ఇంక చాలు రా అని అరుస్తున్నా రాలేదు. ప్రతి వానాకాలం ఆ వైరు వదులైపోయి కిందికి వేలాడేది, బాపు వెదురు కర్రతో ఎత్తి పట్టుకుంటే నేను రాయి కట్టిన తాడు విసిరేదాన్ని. ఎనిమిదీ తొమ్మిదీ పదీ దాని కింద నుంచే బడికి పోయాను. ఎక్కడ వేలాడుతుందో, ఎంత వేలాడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇంత తెలిసినదాన్ని ఎలా మరిచిపోతాను అని ఎవరైనా అడగొచ్చు. పైనుంచి చూస్తే సొంత ఊరైనా వేరే ఊరిలా ఉంటుంది. మనుషులు మరిచిపోతారు. నేను మరిచిపోయాను.

అసలు అక్కడికి ఎందుకు పోయానంటే, ఇది మేడంకు చెప్పుకునే సంగతి కాదు, ఎంక్వయిరీ కాగితంలో దీనికి గడి లేదు. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజున పిల్లల మీద బకెట్ నీళ్లు పోయడం మా స్కూల్లో ఆనవాయితీ, అమ్మానాన్నలు వస్తారు, మిఠాయిలు తెస్తారు, ఫోటోలు దిగుతారు. నా వంతు వచ్చినప్పుడు బాపు ఫోన్ చేసి పొద్దున బస్సుకే జనగామలో మా స్కూలుకు వస్తమని అన్నాడు. బయటివాళ్లను రానియ్యరు బాపు అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, నోటికి అంత తేలిగ్గా వచ్చింది. యాడి ఆ రోజుకని అద్దాల రవికె, మోచేతుల పైదాకా గాజులు, వెండి సొమ్ములు పెట్టెలోంచి తీసి పెట్టుకుందని తర్వాత మేనమామ కూతురు కళావతి చెప్పింది. వాటి కోసమే కదా రానియ్యరు అన్నాను. ఆ సొమ్ములు వేసుకుని మా యాడి ఆ పచ్చిక మీద నిలబడితే ఆ పిల్లలు ఏం చూపు చూస్తారో అని. తడిసిన బట్టలతో నా ఫోటో పంపితే యాడి తండా అంతా తిప్పి చూపించిందట, ఇంటికి పోయినప్పుడు ఫోటో వేళ్లతో పెద్దది చేసి, నా వెనకాల నిలబడ్డ నలుగురైదుగురు పెద్దవాళ్లను చూపించి, "వీళ్లెవరే?" అని అడిగింది. అక్కడ పనిచేసేవాళ్లు యాడీ అన్నాను. మిఠాయి డబ్బాలు చేతుల్లో పట్టుకుని పనిచేసేవాళ్లు. యాడి అవునా అంది, ఫోన్‌ను దాచుకున్నట్టు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. తెలుసనుకుంటాను.

వాళ్లను నా దగ్గరికి రానివ్వలేదు. అందుకే నేనే వాళ్ల నెత్తి మీదికి పోదామనుకున్నాను. అక్కడైతే ఎవరి పక్కన ఎవరూ నిలబడక్కర్లేదు, బట్టలు కనబడవు, మాట వినబడదు, చప్పుడు ఒక్కటే, అందరూ తలెత్తి చూస్తారు, అది సక్రు బిడ్డ అంటారు, లచ్చి బిడ్డ అని యాడి పేరూ అంటారు. శ్రావణంలో మా తండాలో తీజ్. పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, పొద్దూ మాపూ నీళ్లు పోసి, పాడి, ఆడి, ఆఖరి రోజున బుట్టలు నెత్తిన పెట్టుకుని వాగుకు పోతారు. ఊళ్లో లేకపోయినా నా పేరు మీద కూడా ఒక బుట్ట ఉంటుంది, ఈ ఏడు దానికి కళావతి నీళ్లు పోసింది. ఫోన్లో అంది, "నీ బుట్ట నేనే మోస్త. నువ్వేమో ఆడ మబ్బులల్ల తిరుగు." ఊరికే అంది. నేను పట్టుకున్నాను. "వస్త సూడు, మీరు వాగుల బుట్ట ఇడిసే యాల్లకు మీద నుంచి వస్త. ఎవ్వరికి చెప్పకు, బాపుకు గూడ చెప్పకు." చిన్నపిల్లల్లా ఇద్దరం నవ్వాం. కళావతి అప్పటి నుంచి నాకు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

ఆ రోజు నాకిచ్చింది గంట సేపు సోలో, మూడు వేల అడుగులు, పాలకుర్తి గుట్ట దాటి పోవద్దు. గుట్ట మీద గుడి కనబడగానే తిరిగి జనగామ వైపు రావాలి. గుట్ట దాటాను. అంతకుముందు భూపాలపల్లి దాకా సర్‌తో పోయిన రోజు గుర్తొచ్చింది, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఆనవాలుగా పెట్టుకుని, అవతల కాళేశ్వరం దగ్గర గోదావరి మెరుస్తుంటే చూసి, తిరిగొచ్చేటప్పుడు రేగొండ మీద సర్, "అగో, గా రేకుల షెడ్డు పక్కది మా ఇల్లు. మా అమ్మ ఇప్పుడు వాకిట్లనే ఉంటది" అన్నాడు. కిందికి పోదామా సర్ అన్నాను. "సొంత ఇల్లు కనబడ్డప్పుడే పైలట్ కిందికి పోతడు అఖిలా. పోయినోళ్లు శానమంది ఎక్కిరాలే. పైన్నే ఉండు" అని ఎత్తు కొంచెం పెంచాడు కూడా. ఆ మాట గుట్ట మీద గుర్తొచ్చింది, తొర్రూరు రోడ్డు మీద గుర్తొచ్చింది, వాగు వంపు కనబడగానే పోయింది. మొదటిసారి ఎత్తులోనే పోయాను. కింద రంగులు, ఎర్రవీ పచ్చవీ, బుట్టలు, వాగు వైపు బారుగా. పొలం గట్టు మీద బాపు, చెయ్యెత్తి ఊపాడు, నన్నేనని ఎలా తెలిసిందో. అక్కడితో తిరిగి పోతే అయిపోయేది, అదే కదా కావాల్సింది. కానీ వాళ్లు తలెత్తి చూశారు గానీ నేనని తెలిసినట్టు లేదు, నాకు ముఖాలు కనబడలేదు, కళావతి ఎవరో తెలియలేదు. అవతలికి పోయి తిరిగాను. పవర్ తగ్గించాను, వాగు వెంబడి దిగాను. ఐదు వందలు, మూడు వందలు, తర్వాత మీటరు చూడలేదు, తాళ్లు నా ఎత్తుకు వచ్చాయి. బాపు తలపాగా విప్పి అడ్డంగా ఊపుతున్నాడు, చేలో పడ్డ పందులను తరిమినట్టు, నోరు తెరిచి అరుస్తున్నాడు. సంతోషం అనుకున్నాను. కాగితంలో బాపు సంగతి రాయనే లేదు, ఎవరైనా అడిగితే సంతోషం అనుకున్నాను అని చెబుతాను. ముక్కు కింద టప్పుమని ఒక కుదుపు, నీలంగా మెరుపు, విమానం కుడికి ఈడ్చుకుపోయింది, చెయ్యి దానంతటదే పవర్ పెంచింది, చేతికి చదువు బాగా వచ్చింది. ఎక్కేశాను. వెనక్కి తిరిగి చూడలేదు.

రన్‌వే మీద దిగాక చక్రానికి మూడు గజాల తీగ చుట్టుకుని ఉంటే అందరూ మూగారు. ఏమైంది, ఏమైంది. ఇంజన్ పవర్ పడిపోయింది సర్ అన్నాను. తేమ గాలిలో కార్బురేటర్‌లో మంచు పేరుకుని ఇంజన్ కాసేపు నీరసపడటం నిజంగా జరుగుతుంది, మళ్లీ వేడికి ఆ మంచు కరిగిపోతుంది, కరిగాక ఎవరూ ఏమీ పట్టుకోలేరు, పరీక్షకు చదివినప్పుడు ఈ సంగతి నాకు భలే వింతగా అనిపించింది. అదే రాశాను. పవర్ పోయింది, దిగడానికి పొలం వెతుక్కున్నాను, కిందికి వచ్చాక పవర్ తిరిగొచ్చింది, ఎక్కుతుంటే తెలియని వైరు తగిలింది. అక్షరాలు గుండ్రంగా రాశాను, ఒక్క కొట్టివేత లేదు. రాస్తుండగానే ఫోన్ మోగుతోంది, మేనమామ నంబరు, మూడుసార్లు మోగింది, రాయడం అయ్యాకే ఎత్తాను.

తెగిన తీగ కరెంటుతోనే వాగులో పడింది. పిల్లలు అప్పుడే మోకాలి లోతు నీళ్లలో దిగబోతున్నారు, ముందు కళావతి, నెత్తిన రెండు బుట్టలు, ఒకటి నాది. తండాలో ఫ్యూజులు పీకాలంటే ఎండు కర్రతో పీకుతారు, లైన్‌మన్ వచ్చేదాకా ఎవరూ ఆగరు, అది అందరికీ అలవాటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఆ కర్ర ఉంటుంది. ఆ రోజు కర్ర కనబడలేదు, వెతికేంత సేపు లేదు. బాపు తడి చేతితో పీకాడు. రెండు పీకాడట, మూడో దానికి మంట లేచింది. పిల్లలందరూ బతికారు. మేనమామ ఫోన్లో ఏడుస్తూ తిడుతున్నాడు, నన్ను కాదు, బాపును. "గా వైరు గుంజినప్పుడే చెప్పిన, తియ్యి బావా తియ్యి బావా అని." తండా అంతా ఇదే మాట, సక్రు వైరు ఇమానాన్ని పడగొట్టేది, సక్రు వైరు పోరీలను చంపేది. దవాఖానకు చూడటానికి వచ్చినవాళ్లు బాపు మొహం మీదే అన్నారు. బాపు తలూపాడు. "తప్పయింది" అన్నాడు, ఒక్కొక్కరికీ విడివిడిగా అన్నాడు. నేను పక్కనే బత్తాయి తొక్క తీస్తున్నాను.

పదకొండు ఇరవై. చెప్పేస్తే ఏమవుతుందో కూడా లెక్కపెట్టుకున్నాను, ఇంజన్ సంగతి అబద్ధమని చెబితే లైసెన్సు పోతుంది, తండా నుంచి ఒక పిల్ల పోయి వచ్చిందిలే అంటారు, నా తర్వాత దరఖాస్తు పెట్టే మా పిల్లను ఎవరో ఒకరు ఒకసారి ఎక్కువగా చూస్తారు. ఇవన్నీ నిజమే, ఇవన్నీ నేను నోరు మూసుకోవడానికి చక్కగా పనికొస్తున్నాయి కూడా. వైరు పాతదని మాత్రం చెప్పి, మరిచిపోయానని చెబితే? అది సగం దారి. బాపు ముద్ర వెయ్యక్కర్లేదు, నాకూ మరీ అంత కాదు. మరిచిపోయాను. ఆ సెకనులో ఏం జరిగిందో లోపలికి పోయి చూడబోతే ప్రతిసారీ అక్కడి దాకా వచ్చి పక్కకు తిరుగుతున్నాను, తాళ్లు నా ఎత్తుకు వచ్చాయి, అక్కడి దాకా, అక్కడి నుంచి కుదుపు దగ్గరికి. మధ్యలో ఏమీ లేదు. ఉండదు, ఎంత సేపని, ఒక సెకను.

వచ్చింది. అనుకున్నదానికన్నా చిన్నది, నలభై ఉంటాయేమో, చేనేత చీర, చంకలో ఫైలు, పేరు సుమ అని బ్యాడ్జీ. హైదరాబాద్ నుంచి తానే కారు నడుపుకుంటూ వచ్చిందట. ముందు బాపు చెయ్యి చూసింది, నొప్పి ఎలా ఉందని అడిగింది, యాడికి నమస్కారం పెట్టింది, యాడి తొందరగా కొంగు సర్దుకుని లేచి నిలబడింది. నా వైపు తిరిగి, "నీ ఫైలు చూశానమ్మా, మంచి మార్కులు. ఈ పనిలోకి ఆడపిల్లలు రావడమే తక్కువ" అంది. ఆ మంచితనం చూస్తే ఇంకా సిగ్గేసింది. స్టూలు లాక్కుని కూర్చుని బాపును అడిగింది, నేను అనుకున్న మాటే.

"ఆ వైరు ఎప్పుడు కట్టారు?"

"పోయిన వారం మేడం. నాట్లకు నీళ్లు కావాలని గుంజిన. నా బిడ్డకు ఎరుక లేదు. అది ఇంటికి రాక శాన రోజులాయె."

"ఒక్కరే కట్టారా? చెట్టెక్కడం, అవతలి ఒడ్డుకు లాగడం, అన్నీ?"

బాపు ఆగాడు. ఈ ప్రశ్న మా పాఠంలో లేదు. "ఒక్కన్నే" అన్నాడు, "ఒక్కన్నే మేడం, ఎవ్వరు లేరు నాతోని." మేడం రాసుకుంటోంది. కింద సంచిలోంచి సిరా ప్యాడ్ తీసి మంచం మీద పెట్టింది. బాపు ఎడమచెయ్యి దుప్పటికి తుడుచుకుని ముందుకు చాపాడు.

"అబద్ధం మేడం" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది, కట్టయ్య తాత చాయ్ గిలాస దించాడు. "అది తొమ్మిదేండ్ల కిందటి వైరు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు కట్టాం, చుట్ట నేనే మోశాను. ఇంజన్‌కు ఏమీ కాలేదు. మంచు లేదు, ఏమీ లేదు. మా వాళ్లను చూడాలని నేనే గుట్ట దాటి వచ్చాను, నేనే కిందికి దిగాను."

"పిచ్చి పోరి మేడం, నన్ను చూసి బుగులు పడ్డది" అంటున్నాడు బాపు, ముద్ర వెయ్యడానికి ప్యాడ్ కోసం తడుముకుంటున్నాడు. మేడం ప్యాడ్ మూసేసింది. చాలాసేపు నన్నే చూసింది, కోపంగా కాదు. "ఇంజన్ విషయం నువ్వే చెప్పావు కాబట్టి అలాగే రాస్తాను, శిక్ష ఉంటుంది. వైరు విషయం ఆలోచించి చెప్పు. తొమ్మిదేళ్లంటే నువ్వు చిన్నపిల్లవి. పైనుంచి అన్నీ వేరేగా కనబడతాయి. మరిచిపోయి ఉంటావు. అది తప్పే, కానీ అందరూ చేసే తప్పు. మరిచిపోయానని రాసుకోనా?"

"అవ్ మేడం, మరిచింది" అన్నాడు బాపు, ఊపిరి వదులుతూ. "మరిచిందే. గాలిల ఏం యాదికుంటది."

"మరిచింది" అంది యాడి. నాలుగు రోజుల తర్వాత యాడి గొంతు. నా వైపు చూడకుండా, మేడం చేతిలో పెన్ను వైపు చూస్తూ, రాయమ్మా రాయి అన్నట్టు మళ్లీ అంది, "నా బిడ్డ మరిచింది."

ముగ్గురూ నాకోసం ఆ మాట పట్టుకుని నిలబడ్డారు. తీసుకుంటే చాలు. తల ఊపినా చాలు.

"లేదు మేడం" అన్నాను, ఆపైన పుస్తకం మాట రాలేదు. "యాదికుండె. తాళ్లు రెండు కనబడ్డయి. నడుమ వైరుంటదని యాదికొచ్చింది. బాపు పైకి పొమ్మంటున్నడని గూడ తెలిసింది. వాగుకాడ పోరీలందరు నన్నే చూస్తున్నరు, మొకాలు కనబడుతున్నయి. ఎక్కితే గవి కనబడయి. నడుమల వైరు జర కిందికి వేలాడుతది, నాకెరుకే, మీద నుంచి పోవచ్చనుకున్న. యాదికుండే పోయిన."

మేడం తలవంచుకుని రాయడం మొదలుపెట్టింది. యాడి మెల్లగా మళ్లీ నేల మీద కూర్చుంది. బాపు నన్ను చూశాడు. నవ్వలేదు, తిట్టలేదు, చాపిన చెయ్యి అలాగే ఉంది, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా తోచనట్టు. తర్వాత మా భాషలో, మేడంకు తెలియని మాటల్లో, ఒక్కటే అడిగాడు.

"ఆడ కళావతోళ్లు ఉన్నరని ఎరుకుండంగనే వచ్చినవా బిడ్డా?"

"అవ్ బాపు" అన్నాను.